గవాచి మీది కుండ

“పెద్దమ్మా, బిడ్డ కాళ్ళు చల్లబడినాయి! పాలు నోట్లో పోసినా మింగడం లేదు. ఏమన్నా అయితాదేమో, ఒక్కసారి రా!”

నేను అరిచింది గోడకవతల ఉన్న మనిషి కోసం. ఆమె వచ్చింది కానీ గడప దాటలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, మెడ మాత్రం లోపలికి చాచి చూసింది.

“కుంపటి యాడ?” అంది.

“బయట పెట్టినాను. గదిలో పెడితే విషగాలి పడతాది.”

“సల్లగాలి మాత్రం అమృతమా?”

ఆమె పేరు భద్రమ్మ. మడకశిర దగ్గర ఒక పల్లెలో మేం అద్దెకున్న ఇల్లు ఆమెదే. ఒకే మిద్దె, మధ్యలో గోడ. ఒకవైపు మేము, రెండోవైపు ఆమె, ఆమె పెంచే పట్టుపురుగులు. మా ఆయన రామాంజులు కరువు పనుల్లో ఓవర్సీరు. చెరువు కట్టల మీద తిరుగుతూ వారానికొకసారి ఇల్లు చేరేవాడు. తొలికాన్పుకు నేను అనంతపురంలో పుట్టింటికి పోవాల్సింది. బస్సెక్కే రోజు రాకముందే నొప్పులు వచ్చాయి. నెలలు నిండని ఆడపిల్ల. హిందూపురంలో డాక్టరమ్మ బిడ్డను తూచి, నా చేతుల్లో పెట్టి, “దీనికి మందులేం లేవు. వెచ్చదనమే మందు. చలి తగలకుండా చూసుకుంటే నిలుస్తుంది” అంది.

ఆమె చెప్పినప్పుడు అది సులువైన పనిలాగే వినిపించింది. అనంతపురం జిల్లా అంటే ఎండే అనుకునేవాళ్ళకు మడకశిర వైపు మార్గశిరం చలి తెలియదు. మా గదికి బండల నేల, ఎత్తయిన మిద్దె. కుంపటి నిండా బొగ్గులు వేసినా బిడ్డ పడుకున్న చోటికి వేడి వచ్చేది కాదు. కరువులో బొగ్గు దొరకడమే కష్టం. తెచ్చిన బస్తాను బిడ్డకంటే ముందు గోడలే తాగేశాయి.

పైగా నేను చదివింది రసాయనశాస్త్రం. మూసిన గదిలో బొగ్గు రాజుకుంటే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. డిగ్రీలో ఆ పాఠం నాకు మార్కులు తెచ్చింది. తల్లినయ్యాక నిద్ర పోగొట్టింది. బిడ్డ చల్లబడిందనుకుంటే కుంపటి లోపలికి లాగేదాన్ని, తల కాస్త బరువెక్కినట్టనిపిస్తే బయటికి నెట్టేదాన్ని. ఆ సాయంత్రం కుంపటి బయట ఉంది. బిడ్డ కాళ్ళు చల్లగా ఉన్నాయి.

భద్రమ్మ గడప దాటకపోవడానికి కారణం ఉంది. పురుగులు పెంచే ఇళ్ళలో పురుటి మైల అంటే భయం. బాలింతను ముట్టుకున్న చెయ్యి పురుగును ముడితే అది మేత ముట్టదని నమ్మకం. ఆ ఏడు వేరుశనగ విత్తిన చేలో విత్తనం కూడా తిరిగి రాలేదు. బావిలో మిగిలిన నీళ్ళు మల్బరీ తోటకే చాలీ చాలకుండా ఉన్నాయి. ఆ తోట ఆకు తిని, గూళ్ళు కట్టే పురుగులే ఆమెకు మిగిలిన పంట. భర్త పోయాక ఆ తోటను, ఆ పురుగులను ఒక్కతే సాకుతోంది. అందుకే నేను పురుడు పోసుకున్నప్పటి నుంచి నాకు జొన్నరొట్టె, పప్పు గడప మీద పెట్టి, వెనక్కి జరిగి, “తీసుకోమ్మే” అనేది. నాకు కోపం వచ్చేది కాదు. ఆమె బతుకు ఆ గదిలో ఉంది, నా బతుకు ఈ గదిలో ఉంది.

నిప్పు విషయంలో ఆమె పిసినారితనం ఊరంతా చెప్పుకునేవాళ్ళు. “భద్రమ్మ ఇంట్లో పొగ కూడా బయటికి రావాలంటే అడిగి రావాల” అని ఎదురింటి హనుమక్క నవ్వేది. అది అబద్ధమేం కాదు. స్నానానికి నీళ్ళు కాచడం భద్రమ్మ ఇంట్లో నేను చూడలేదు. మసిబట్టిన కుండల్లో నీళ్ళు పోసి పొద్దున్నే పెరట్లో ఎండకు పెట్టేది. అన్నం ఉడుకు పట్టగానే కుండ దించి, పాత బొంతలో చుట్టి గడ్డిబుట్టలో కూర్చోబెట్టేది. మిగతా ఉడుకు కుండే ఉడుక్కునేది. ఆకు దూసిన మల్బరీ కడ్డీలను కట్టలు కట్టి అటక మీద ఆరబెట్టేది. పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పి మర్నాటికి దాచేది. ఊళ్ళో ఎవరికి నిప్పు కావాలన్నా ఆమె పొయ్యిలో దొరికేది.

ఒకసారి అడిగాను, ఇంత పట్టుదల ఎందుకని. ఆమె పుట్టింది గుమ్మఘట్ట వైపు. చిన్నప్పుడు తల్లితో కలిసి గుట్ట మీద కట్టెలు కొట్టి, మోపులు నెత్తిన పెట్టుకుని సంతకు మోసేదట.

“ఒక మోపుకు ఒక పగలంతా పోతాండె. పొద్దున పోతే పొద్దుగూకినాంక వస్తాంటిమి. నువ్వు కట్టె పొయ్యిలో పెడ్తావు. నేను నా పగలు పెడ్తా. అందుకే సుమ్నే, ఊరికే కాల్చబుద్ధి కాదు.”

ఆమె ఇంట్లో బొగ్గు ధారాళంగా వాడే చోటు ఒక్కటే: పురుగుల గది. చిన్న పురుగులకు చలి పనికిరాదు. తనకు ఒక గొంగడి, పురుగులకు కుంపటి.

ఆ సాయంత్రం గడప అవతల నిలబడి ఆమె బిడ్డ వైపు చాలాసేపు చూసింది. తర్వాత తన గది వైపు చూసింది. ఆమె ఎటు చూస్తోందో, దేన్ని దేనితో తూస్తోందో నాకు తెలుసు.

“తానం చేసి ఉతికిన చీర కట్టుకో. తలకు నూనె పెట్టొద్దు. సాంబ్రాణి వద్దు, పురుగుకు వాసన పడదు. నేను తట్ట తుడిచి పెడ్తా.”

“యాడికి పెద్దమ్మా?”

“ఆ గదిలోకే. ఈడ రెండు కుంపట్లకు బొగ్గు యాడ తెస్తాము? ఉండేది ఒక్క నిప్పు. అదుండే చోటికే పోవాల.”

హనుమక్క తన పురుగులకు ఒక పూట ఆకు అప్పడగడానికి వచ్చి, నన్ను ఆ వాకిట్లో చూసి బుగ్గ నొక్కుకుంది. “ఏమక్కా, పురుడు, పురుగు ఒక్క గదిలోనా? పంట పాయె పో!”

“ఆ గదిలో వేల పురుగులు పుట్టినాయి. వాటికి లేని పురుడు ఈ బుడ్డదానికి యాలమ్మే? నీకు ఆకు కావాల్నా, శాస్త్రం కావాల్నా?”

హనుమక్క ఆకు తీసుకుని పోయింది. మాట మాత్రం వీధంతా పంచింది.

గది చిన్నది. వెదురు తట్టలు వరుసలుగా పెట్టిన కొయ్య స్టాండు, దాని కాళ్ళ కింద చీమలెక్కకుండా నీళ్ళ గిన్నెలు. కింది వరుసలో ఖాళీ తట్ట ఒకటి కడిగి, ఆరబెట్టి, పాత నూలు చీరలు పరిచి అందులో బిడ్డను పడుకోబెట్టింది. పైన తట్టల్లో పురుగులు, కింద తట్టలో నా బిడ్డ. స్టాండు చుట్టూ గోనెసంచులు విప్పి కుట్టిన తెర. మిద్దె ఎత్తునంతా వేడి చేయకుండా ఆ తెర లోపలి చోటును మాత్రమే వేడి చేయడం ఆమె పద్ధతి. గుప్పెడు నిప్పులకే లోపల వెచ్చగా ఉండేది. మా గదిలో బస్తా బొగ్గు చేయలేనిది ఇక్కడ బూడిద కప్పిన నిప్పు చేసింది. చూస్తుండగానే బిడ్డ కాళ్ళు వెచ్చబడ్డాయి, పాలు తాగింది.

నేను మాత్రం పైకి చూస్తూనే ఉన్నాను. మిద్దె నడుమ వెలుతురు కోసం వదిలే చిన్న బొక్క ఉంటుంది. దాన్ని గవాచి అంటారు. వాన పడితే దాని మీద కుండ బోర్లిస్తారు. భద్రమ్మ వేడి పోతుందని ఎండరోజుల్లో కూడా కుండ బోర్లించే ఉంచేది.

“అది తీయాల పెద్దమ్మా.”

“తీస్తే నా బొగ్గంతా ఆకాశానికి పోతాది. దేవునికి చలి పెడ్తాందా?”

“బొగ్గు మండిన గాలి లోపలే ఉంటే బిడ్డకు, మనకు, నీ పురుగులకు కూడా మంచిది కాదు.”

“నేను నిప్పు బయట రాజేసి, పొగ పోయినాంకనే తెస్తాండా గదా సదువులమ్మా. ఎర్రనిప్పుకు పొగ యాడుంటాది?”

“కనబడనిది కూడా ఉంటాది.”

ఆమె నా మొహం చూసి ఏమనుకుందో, నిచ్చెనెక్కి కుండ కింద ఒక పెంకు ఎత్తు పెట్టింది. సన్నటి సందు. “ఇంతే. ఇంతకంటే అడగొద్దు” అంది. నేను ఆ సందు కిందే కూర్చుని రోజులు గడిపాను. బిడ్డ ఏడుపు గట్టిపడింది. పురుగులు మొదటి జ్వరం దాటాయి. పురుగు పాత చర్మం విడిచే ముందు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. ఆ నిద్రనే ఇక్కడ జ్వరం అంటారు. ఆ వేళ గదిలో గట్టిగా మాట్లాడకూడదు, తట్ట కదపకూడదు, చలిగాలి అసలే తగలకూడదు. జ్వరంలో చలి తగిలిన పురుగు లేవదు.

రెండో జ్వరం దగ్గర పడుతుండగా ముసురు పట్టింది. పంటకు రాని వాన చలికి వచ్చింది. గవాచి సందులోంచి తట్టల మీద జల్లు పడుతోందని భద్రమ్మ పెంకు తీసి కుండను మళ్ళీ బోర్లించింది. తడి తగిలితే పురుగుకు రోగం. కుండ చుట్టూ బురద మెత్తింది. వాకిలి కింద గోనెసంచి దోపింది. నేను అడ్డం చెప్పలేకపోయాను. ఆ జల్లు నా బిడ్డ మీద కూడా పడుతోంది. పెరట్లో నిప్పు రాజేయడానికి పొడి చోటు లేదు. అరుగు మీద రాజేస్తే గాలికి సరిగా అంటుకోలేదు. బొగ్గు కూడా అడుగంటింది. సగం కాలిన మల్బరీ కడ్డీలు వేసి, ఎర్రబడీ పడకముందే కుంపటి లోపలికి తెచ్చింది.

దీపం పెట్టే వేళకు నాకు తల నొచ్చింది. కణతల దగ్గర మొదలై కళ్ళ వెనక్కి పాకింది. నిద్రలేమి అనుకున్నాను. బిడ్డను రొమ్ముకు పెట్టుకుంటే పట్టలేదు. పెదవి తాకించినా పట్టలేదు.

“నిద్రపోనీలేమ్మే. చూడు, ఎంత ఎర్రగా తేలిందో. వేడి పట్టింది.” భద్రమ్మ గుసగుసగా అంది. ఆమె సంతోషంగా ఉంది. దీపం ఎత్తి పై తట్ట చూపించింది. పురుగులన్నీ తలలు ఎత్తి ఉన్నాయి. “జ్వరానికి పోయినాయి. రేపు పొద్దునకనుకుంటే ఈ పొద్దే. అన్నీ ఒక్కసారి పోవడం మంచిది. ఇంగ సద్దు చెయ్యొద్దు.”

నేను బిడ్డ పెదవులు చూస్తున్నాను. ఎరుపు. ఆ వాయువు ఎక్కిన నెత్తురు ఎర్రగానే ఉంటుందని చదువుకున్నాను. ఆ ఎరుపు ఆరోగ్యమో, విషమో దీపం వెలుగులో నాకు తెలియలేదు. లేవబోయి మళ్ళీ కూలబడ్డాను.

“పెద్దమ్మా, వాకిలి తీద్దాం.”

“గట్టిగా అనొద్దు.”

“నాకు తల తిరుగుతాండాది. నీకు లేదా?”

ఆమె కణత మీద చెయ్యి పెట్టుకుంది. “రొంత నొస్తాండాది. ముసురుకు.”

“ముసురుకు కాదు. గాలికి. వాకిలి తీయ్.”

“జ్వరంలో ఉండే పురుగు మీదికి ఈ గాలి ఇడిస్తే ఒక్కటి మిగల్దు. నీకు తెలీదు.”

“తీయకపోతే నా బిడ్డ మిగలదు.”

ఆమె దీపం తీసుకుని తట్ట మీదికి వంగింది. వేలితో ఆకు ముక్కలు ఒక్కొక్కటే జరిపింది. నేను వాకిలి వైపు పాకుతున్నాను, బిడ్డ నా చేతిలో ఉంది, గది వంకరగా పోతోంది.

“జ్వరానికి పోయే పురుగు మేత ముగించి తల ఎత్తుతాది,” తనలో తను అనుకున్నట్టు అంది. “వీటి కింద ఆకు సగం కొరికి ఉండాది. ఈ పక్క మాత్రం ముగించినాయి.” ఇంకో తట్ట లాగింది. “ఇది జ్వరం మాదిరే ఉండాది. అది అట్ల లేదు. జ్వరమో, నువ్వు చెప్పే గాలి మత్తో, తెలీదు. నాకు తెలీదుమ్మే.”

అంత కాలం పురుగులతో బతికిన మనిషి తెలీదంది. నాకు కూడా తెలియదు. బిడ్డ నిద్రపోతూ ఉండవచ్చు. నా తలనొప్పి తలనొప్పే కావచ్చు. వాకిలి తీస్తే ఆమె పంట పోవచ్చు. తీయకపోతే ఏం పోతుందో చెప్పాల్సిన పని లేదు.

భద్రమ్మ దీపం కింద పెట్టింది. మూలనున్న వెదురు గెడ అందుకుని, రెండు చేతులా పైకెత్తి, గవాచి మీది కుండను పొడిచింది. బురద పట్టు ఊడలేదు. మళ్ళీ పొడిచింది. కుండ పగిలి పెంకులు పై తట్టల మీద పడ్డాయి. వాటి వెనకే వాన పడింది. ఆమె గెడ పారేసి, నన్ను దాటి, వాకిలి కింది సంచిని కాలితో తన్ని రెక్కలు బార్లా తెరిచింది. చలిగాలి కొట్టిన దెబ్బకు దీపం ఆరిపోయింది.

“రా, బిన్నా, తొందరగా రా!” అని నన్ను రెక్క పట్టుకుని అరుగు మీదికి ఈడ్చింది.

అరుగు మీద చీకటి, జల్లు, గాలి. ఆమె తన గొంగడి తెచ్చి నా వీపు మీద కప్పింది. “రవిక ఇప్పు. బుడ్డదాన్ని ఒంటికి ఆనించుకో, గుడ్డ అడ్డం వద్దు.” బిడ్డ నా రొమ్ముల మధ్య, నా చుట్టూ గొంగడి, గొంగడి చుట్టూ భద్రమ్మ చేతులు. నా ముఖం మాత్రం గాలికి వదిలేసింది. “ఊపిరి పీల్చు. దాని ముక్కు బయటికి పెట్టు.” మైల మాట ఎవరికీ గుర్తు లేదు.

బిడ్డ కదలలేదు. అరికాలు మీద భద్రమ్మ గోటితో గీసింది. కదలలేదు. మళ్ళీ గీసింది. గట్టిగానే గీసి ఉంటుంది. అప్పుడు నా చర్మం మీద ఒక చిన్న నోరు తెరుచుకోవడం తెలిసింది. ముందు చప్పుడు లేదు. తర్వాత పిల్లికూనలా ఒక ఏడుపు. ఆ పైన ఆపడానికి వీల్లేని ఏడుపు.

“ఏడువ్‌మ్మా, ఏడువు,” అంది భద్రమ్మ. “నన్ను కూడా తిట్టుకో.”

నేనూ ఏడ్చాను. ఆమె ఏడవలేదు. గొంగడి నా చేతికి వదిలి, కుంపటిని అరుగు మీదికి తెచ్చి పడేసి, చీకట్లోనే తట్టల మీది పెంకులు ఏరడానికి లోపలికి పోయింది. వాకిలి మూయలేదు.

మర్నాడు వాన తెరపి ఇచ్చింది. పై తట్టల్లో పురుగులు తడిసి, చలికి బిగుసుకుపోయాయి. నడిమి తట్టల్లో కొన్ని లేచాయి, కొన్ని లేవలేదు. భద్రమ్మ లేవనివాటిని దోసిళ్ళతో ఎత్తి ఎరువుగుంతలో వేసింది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. పాప మాత్రం పొద్దుటినుంచి రెండు రొమ్ములూ ఖాళీ చేసి, ఇంకా కావాలని గోల చేస్తోంది. దాన్ని చూసి ఆమె, “పురుగుల మేత కూడా దీనికే కావాల్నేమో” అంది.

హనుమక్క వచ్చి గుంత దగ్గర నిలబడింది. “చెప్తి గదా అక్కా, పురుటి మైల తగుల్తాదని. ఇన్న్యావా?”

“పురుడు తగల్లేదు. నా పిసినారితనం తగిలింది. పగలంతా మోసిన కట్టె అని నిప్పును దాచినా సరే. గాలిని కూడా దాస్తి సూడు, ఆడ చెడింది. గాలికి నేనేమన్నా మోపు మోసినానా?”

హనుమక్క మధ్యాహ్నం తన తోట ఆకు ఒక గంప తెచ్చి గడప మీద పెట్టిపోయింది.

మిగిలిన పురుగులు ఎగుడుదిగుడుగా పెరిగాయి. కొన్ని ముందు పండి గూళ్ళు కట్టాయి, కొన్ని వారం వెనకబడ్డాయి. హిందూపురం మార్కెట్టుకు ఆమె తీసుకుపోయిన గూళ్ళ మూట ఎప్పుడూ పట్టుకుపోయేదాంట్లో సగం కూడా లేదు. మా ఆయన, నేను ఇస్తామన్న డబ్బు ఆమె తీసుకోలేదు. “గవాచికి ఏదన్నా ఉపాయం చెప్పు, అది చాలు” అంది. ఊళ్ళో కుమ్మరి చేత వంకర మెడ ఉన్న మట్టిగొట్టం చేయించి గవాచిలో నిలబెట్టాం. వాన లోపలికి రాదు, గాలి బయటికి పోతుంది. దానివల్ల కుంపటికి ఇంకో గుప్పెడు బొగ్గు ఎక్కువ పట్టేది. ఆమె రోజూ గొణిగేది, గొణుగుతూనే వేసేది. గోనెతెర మాత్రం ఇంకా దగ్గరికి జరిపి, ఆ గుప్పెడు అక్కడ మిగిల్చేది.

పాప మెడ నిలిపేదాకా ఆ గదిలోనే ఉన్నాం. తర్వాత రామాంజులుకు కళ్యాణదుర్గం బదిలీ అయింది. సామాను బండికెక్కించిన రోజు భద్రమ్మ పాపను ఎత్తుకుని వీధి చివరిదాకా వచ్చింది.

ఇప్పుడు పాప బడికి పోతోంది. రెండోవాడు మొన్న కార్తీకంలో పుట్టాడు. వీడు నెలలు నిండే పుట్టాడు. అయినా ఈ చలిలో వాడి కాళ్ళు గంటకొకసారి తడమకుండా ఉండలేను. గది మూలన మంచానికి చుట్టూ దుప్పటి తెర కట్టాను. నీళ్ళు ఎండకు పెడతాను. వాడికి చలి అనిపిస్తే నా ఒంటికి ఆనించుకుని గొంగడి కప్పుకుంటాను. కుంపటి పెట్టిన రోజు కిటికీ పై రెక్క తెరిచే ఉంచుతాను. మా ఆయన, “వేడంతా పోతోంది కదా, మూసేయరాదూ” అని లేవబోతాడు. కూర్చోమంటాను.

ఆ రోజు బండి కదిలేముందు పాపను నా ఒళ్ళో పెడుతూ భద్రమ్మ చెప్పింది: “చూడమ్మే, నిప్పు యాడ మిగల్చాల్నో ఆడ మిగుల్చు. రొంత చలి పెట్టినా పెట్టనీ. గాలి దగ్గర మాత్రం మిగల్చాలని చూడొద్దు.”